కలుపుమందులు – మందాకులు



గుంటగలగరాకు స్వరసమును, తుంగముస్తల కషాయమును, నేలఉసిరి ముద్దను గురించి నేను పలుమార్లు వ్రాసియున్నాను. వ్రాసిన ప్రతిసారి "ఇది పొలం గట్లమీద, కాలువల వెంబడి విరివిగా లభించును" అను వాక్యమును చేర్చుట నాకు అలవాటు. మా గురువుగారు అట్లే చెప్పిరి. నేనును అట్లే చెప్పుచు వచ్చితిని. ఆ వాక్యమును ఇప్పుడు వెనుకకు తీసికొనవలసి వచ్చినది. ఎందుకో తెలుపుటకే ఈ పాఠము.

కొన్ని వానాకాలముల క్రిందట పెద్దపల్లికి సమీపముననున్న ఒక పల్లెనుండి ఒక రైతు ఇల్లాలు నా వద్దకు వచ్చినది. ఆమె భర్త గోదావరిఖని బొగ్గుగనిలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. అతనికి కాలేయము మందగించి ఆకలి లేకుండుటచే గుంటగలగరాకు రసమును పథ్యముతో ఇమ్మని నేనే చెప్పియుంటిని. మూడు దినములు తాగిన తరువాత అతనికి కడుపులో మంట, విరేచనములు కలిగినవి. ఆకును చూపుమంటిని. మూట విప్పినది. ఆకు నవనవలాడుచున్నది, కొన్ని చిగుళ్ళు మాత్రము పాలిపోయి పసుపువన్నెకు తిరిగినవి.

"ఇది ఎక్కడిదమ్మా?" అని అడిగితిని.

"మా పొలం ఒడ్డుదే అయ్యగారూ. నాలుగు దినాలాయె గడ్డిమందు కొట్టి. ఆకైతే పచ్చగనే ఉన్నది గదా, మంచిగ కడిగే నూరిన."

మందు ఆపించితిని. రెండు దినములలో అతడు తేరుకొన్నాడు. ఆ విరేచనములకు గడ్డిమందే కారణమని ప్రమాణపూర్వకముగా చెప్పజాలను; వానాకాలమున అతిసారమునకు వేరు కారణములు వందయుండును. కాని ఆమె తప్పు ఏమియు లేదు. ఆకు పచ్చగా ఉన్నది, ఆమె కడిగినది, నేను చెప్పిన చోటనే కోసినది. తప్పు నాది. ఎక్కడ కోయవలెనో చెప్పితిని గాని, ఎక్కడ కోయరాదో చెప్పలేదు.

పచ్చగానున్నంత మాత్రమున చాలదు

మరునాడు ఆమె డబ్బాను తెచ్చి చూపినది. డబ్బామీద వ్యాపారనామము పెద్ద అక్షరములలోను, అసలు రసాయనము పేరు చిన్న అక్షరములలోను ఉండును. పాఠకులు చదువవలసినది ఆ చిన్న అక్షరములనే. ఒకే రసాయనమును పదిమంది పది పేర్లతో అమ్ముదురు. ఆ డబ్బాలో ఉన్నది గ్లైఫోసేట్.

గ్లైఫోసేట్ 1974 నుండి విక్రయములో ఉన్నది. ఇది తగిలిన ఆకును వెంటనే మాడ్చదు. ఆకులోనికి ఇంకి, మొక్క తన ఆహారమును పంపుకొను మార్గముననే చిగుళ్ళకు, వేళ్ళకు, గడ్డలకు ప్రయాణించును. అచ్చట మొక్క తన దేహమును కట్టుకొనుటకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లముల తయారీని నిలిపివేయును. మొక్క పసుపువన్నెకు తిరిగి వాడుటకు వారము, పది దినములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. ఆ వారము దినములు ఆకు చూచుటకు ఆరోగ్యముగానే ఉండును. కోసినవారికి తెలియదు. కడిగినను పోదు; ఏలనన అది ఆకుపైన కాదు, లోపల ఉన్నది.

ఇక తుంగను చూడుడు. కలుపులలో మొండిది తుంగ. ఎంత పీకినను భూమిలోని గడ్డనుండి తిరిగి లేచును. గడ్డవరకు దిగి చంపునది కనుకనే రైతు తుంగమీద గ్లైఫోసేట్ కొట్టును. మనకు ఔషధము ఆ గడ్డయే. దీపన పాచన గ్రాహి ద్రవ్యములలో ముస్తకే చరకుడు అగ్రస్థానమిచ్చెను. చచ్చుచున్న తుంగను తవ్వి, గడ్డలు ఎండబెట్టి, మూలికల వారికి అమ్మువారు ఉన్నారు. అంగడిలో కొన్న ముస్తలు ఏ నేలవో అడుగువారెవరు?

వరి, పత్తి, మక్కజొన్నలకైతే మందు కొట్టిన పిమ్మట ఇన్ని దినములు ఆగి కోయవలెనని నియమము వ్రాసియుందురు. గుంటగలగరకు, పొనగంటికి, ఉత్తరేణికి అట్టి నియమమును ఎవరును వ్రాయరు. వారి దృష్టిలో అది చావవలసిన కలుపు. దానిని ఎవరో కోసి రసము తీసి పరగడుపున తాగుదురని వారు తలచియుండరు.

శాస్త్రము ముందే హెచ్చరించినది

సుశ్రుతాచార్యుడు సూత్రస్థానము ముప్పదియారవ అధ్యాయమున ఔషధములను సేకరింపదగిన భూమిని వివరించెను. గోతులు, పుట్టలు, శ్మశానములు, చవుడు లేని నేల కావలెననెను. అంతటితో ఆగలేదు. మంచి నేలలో పుట్టినదైనను పురుగు, విషము, శస్త్రము, ఎండ, గాలి, నిప్పు, నీరు వీటిచే దెబ్బతినినదానిని, దారిలో నలిగినదానిని గ్రహింపరాదనెను. ఆ పట్టికలో విషమను మాటను గురుకులమున మేము వల్లెవేసితిమి గాని, పొలము ఒడ్డున విషమెట్లు వచ్చునని ఆనాడు అడిగినవారము కాము. పాము కాటో, శత్రువు కుట్రో అనుకొంటిమి.

కల్పస్థానమున ఆయనయే విషదూషితమైన నీటిని, నేలను, గడ్డిని గుర్తించు విధము చెప్పెను. దూషితమైన నీటిలో చేపలు, కప్పలు చచ్చుననియు, దూషితమైన గడ్డిని మేసిన పశువులు సోలిపోవుననియు, మూర్ఛిల్లుననియు, విరేచనములగుననియు ఆ వర్ణన. అది యుద్ధకాలమున రాజుల సేనలకై వ్రాసినది. నేడు ఆ లక్షణములను గమనింపవలసినవాడు గొర్రెలకాపరి.

దూషీవిషమను ప్రకరణము కూడ అక్కడనే కలదు. వీర్యము తగ్గిన విషము వెంటనే చంపక, కఫముచే ఆవరింపబడి ఏండ్ల తరబడి దేహమున నిలిచి, దుష్టమైన దేశకాలాహారములు తోడైనప్పుడు ప్రకోపించునని దాని సారము. నేటి కలుపుమందులన్నియు దూషీవిషములే అని నేను తీర్పు చెప్పను. ఆధునిక రసాయనమునకు ప్రాచీన నామమును తొడిగినంతనే అది మనకు తెలిసిపోయినట్లు కాదు. అయినను "ఈ రోజు ఏమియు కాలేదు గదా" అనువానికి సమాధానము చెప్పుటకు ఆ ఆలోచన పనికివచ్చును.

శోధన చేసిన సరిపోదా అని కొందరు అడిగిరి. వత్సనాభిని గోమూత్రమున, ఇతర విషములను వాటివాటికి చెప్పిన ద్రవములలో శుద్ధిచేయుట మనకు తెలిసినదే. గ్లైఫోసేట్ పీల్చిన గుంటగలగరకు శోధనవిధి ఏ గ్రంథమునను లేదు. ఉన్నదని చెప్పువారిని నమ్మవద్దు.

ఏ డబ్బాలో ఏమున్నది

గ్లైఫోసేట్ మానవులకు హాని చేయదని వాదించువారి యుక్తి ఇది: అది అడ్డుకొను రసాయన మార్గము మొక్కలలోను, కొన్ని సూక్ష్మజీవులలోను కలదు గాని మన దేహమున లేదు. ఆ మాట నిజమే. కాని డబ్బాలో గ్లైఫోసేట్ ఒక్కటే ఉండదు; ఆకునకు అంటుకొని లోనికి దిగుటకు సబ్బువంటి ద్రవ్యములను కలుపుదురు. వాటిలో కొన్ని కంటికి, చర్మమునకు, జలచరములకు గ్లైఫోసేట్ కంటె ఎక్కువ హాని చేయును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015 మార్చిలో గ్లైఫోసేట్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించు సంభావ్యత గల పదార్థముల శ్రేణిలో చేర్చినది. అమెరికా పర్యావరణ సంస్థ అందుకు అంగీకరింపలేదు. ఐరోపా సమాఖ్య 2023లో మరి పదేండ్లకు అనుమతిని పొడిగించినది. పండితుల వివాదము ఇట్లున్నది. మన వైపు, అనుమతి లేని కలుపుమందు తట్టుకొను పత్తి విత్తనములు రహస్యముగా వ్యాపించుటచే 2018లో తెలంగాణ ప్రభుత్వము గ్లైఫోసేట్ అమ్మకముపై ఆంక్షలు విధించినది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవ్వరును దానిని వాడరాదని ఆదేశించినది. ఆ ఆదేశము తరువాత కూడ నా వద్దకు డబ్బాలు వచ్చుచునే ఉన్నవి.

2,4-డి అనునది 1940వ దశకమునాటిది. వెడల్పు ఆకుల కలుపును చంపును. పత్తి రైతుకు దీని స్వభావము మనకంటె బాగుగా తెలియును. వరికి 2,4-డి కొట్టిన పంపును సరిగా కడుగక దానితోనే పత్తికి మందు కొట్టినచో, పంపు అడుగున మిగిలిన ఆ కొద్దిపాటికే పత్తి ఆకు బెండాకువలె చీలి సన్నగిల్లును. పక్క పొలములో కొట్టినది గాలికి వచ్చినను అంతే. అంత స్వల్పమైన అంశము ఒక మొక్క ఆకారమునే మార్చుచున్నప్పుడు, ఆ గాలినే పీల్చుచు పక్కన నాటు వేయుచున్న గర్భిణిని అక్కడనుండి పంపివేయుట మంచిది. వియత్నాం యుద్ధమున అడవులపై చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగభాగము 2,4-డి. అయితే అక్కడి ఘోరములకు ముఖ్యకారణము రెండవ భాగమైన 2,4,5-టి లో చేరిన డయాక్సిన్ అని గుర్తుంచుకొనవలెను. భయపెట్టుటకు సత్యమును పెంచి చెప్పరాదు.

వరిలో నాటు వేసిన మూడు నుండి అయిదు దినములలోపల బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ వంటివి వాడుదురు. వాటిని ఇసుకలో కలిపి చేతితో చల్లుట మన ప్రాంతపు ఆచారము. ఇసుకను చేతితోనే కలుపుదురు, తొడుగు ఉండదు. మందుతో తడిసిన ఇసుక చర్మమును గీరుచు లోనికి దారి చేయును. ఇసుక కలిపిన చేతితోనే బీడీ ముట్టించువారిని చూచితిని. బ్యూటాక్లోర్ చేపలకు మిక్కిలి విషము. మడినీరు కుంటలోనికి వదిలిన వెంటనే చిన్నచేపలు వెల్లకిల తేలుట అందుకే.

మక్కజొన్నలో అట్రజిన్ వాడుదురు. ఇది నేలలో దిగి భూగర్భజలమున చేరును. ఆ కారణముచేతనే ఐరోపా దేశములు రెండు దశాబ్దముల క్రిందటనే దీనికి అనుమతి నిరాకరించినవి. ఇంకొకటి అలాక్లోర్, దీనిని 2018నాటి ఉత్తర్వు ప్రకారము మన దేశమున 2020 డిసెంబరు 31 నుండి నిషేధించిరి. పాత దుకాణములో గాని, ఇంటి అటకమీద గాని ఆ పేరుగల డబ్బా కనబడినచో అది ఉండదగినది కాదు.

పారాక్వాట్

దీనిని వేరుగా చెప్పవలసియున్నది. పత్రికలలో "గడ్డిమందు తాగి" అను వార్తను మనము చదువుచున్నాము. ఆ వార్తలలో ఎక్కువ భయపడవలసినది ఈ పారాక్వాట్ విషయముననే.

ఇది 1962 నుండి మార్కెట్టులో ఉన్నది. మన దేశమున దొరకునది నూటికి 24 పాళ్ళ ద్రావణము. ఎండలో ఆకును గంటలలో మాడ్చును. దేహమున ప్రవేశించినచో ఊపిరితిత్తులు దీనిని తమంత తామే లోనికి లాగుకొనును. అక్కడ ప్రాణవాయువుతో కలిసి, కణములను కాల్చు తీక్ష్ణద్రవ్యములను మరల మరల పుట్టించును. ఊపిరితిత్తి క్రమముగా బిగిసి తోలువలె అగును. దీనికి విరుగుడు ఇంతవరకు కనుగొనబడలేదు. డబ్బామీద పసుపు త్రికోణముండును, ఎరుపు కాదు. త్రికోణము రంగు ఎలుకలపై ప్రయోగించిన ఒక్క మోతాదును బట్టి నిర్ణయింపబడునది. పసుపు కదాయని తేలికగా చూడరాదు.

ఇది ఎట్లు మోసగించునో ఒక ఉదాహరణ చెప్పెదను. ఒక యువకుని అతని మేనమామ నా వద్దకు తెచ్చెను. ఇంట కలహమై క్షణికావేశమున గడ్డిమందు నోట పోసికొన్నాడట. వాంతి చేయించిరి, తేరుకొన్నాడనుకొని ఇంటనే ఉంచిరి. అప్పటికి మూడవ దినము. నడిచియే వచ్చినాడు, స్పష్టముగా మాటాడినాడు. "నోరు పూసింది, తినరాకుండ ఉన్నది, నోటిపూతకు మందియ్యండి" అని మేనమామ అడిగెను. నాలుక చూచితిని. పైపొర ఊడి తెల్లగా వ్రేలాడుచున్నది. మూత్రము తగ్గినదా అంటిని. నిన్నటినుండి తక్కువే అనిరి. నేను ఏ మందును ఇవ్వలేదు. బండి ఎక్కించి పెద్దాసుపత్రికి పంపితిని. పన్నెండవ దినమున అతడు మరణించెను. చివరివరకు తెలివి ఉన్నది. తనకు బ్రతుకవలెనని ఉన్నదని తల్లితో చెప్పినాడట.

కనుక వైద్యుడనైన నేనే చెప్పుచున్నాను. కలుపుమందు నోటిలోనికి పోయినదని తెలిసినచో వైద్యుని ఇంటికి రావద్దు. పసరు, చూర్ణము, లేహ్యము ఏదియు వద్దు. ఉప్పునీరు, పేడనీరు, సబ్బునీరు తాపి వాంతి చేయింపవద్దు. దిగునప్పుడు కాల్చిన మందు ఎక్కునప్పుడు మరల కాల్చును. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చుడు. డబ్బాను వెంట తీసికొనిపోయి చూపుడు. దేహముమీద, బట్టలమీద పడియుండిన బట్టలు విప్పి నీటితో బాగుగా కడుగుడు. మొదటి గంటలే విలువైనవి. రోగి మాటాడుచున్నాడు, నడుచుచున్నాడు అని ఎంతమాత్రము జాగు చేయరాదు.

ఇంటిలో ఇట్టి డబ్బాను నిలువ ఉంచుటయే కీడు. పంటకు కావలసినంత మాత్రమే కొనుడు, మిగిలినది తాళములో ఉంచుడు. మంచము క్రింద, గూటిలో, ఎరువు బస్తాల నడుమ పెట్టవద్దు. కోపము ఒక గడియ ఉండును. ఆ గడియలో చేతికి అందకుండుట ప్రాణమును నిలుపును. దక్షిణ కొరియా 2012లో పారాక్వాట్ అమ్మకమును ఆపివేసిన తరువాత అక్కడ పురుగుమందుల వలని ఆత్మహత్యలు గణనీయముగా తగ్గినవి. ఐరోపా సమాఖ్యలో 2007లో దీని అనుమతి రద్దయినది. కేరళ 2011లో నిషేధించినది. మనసు కలత చెందినవారు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. అది 2022లో ఏర్పడిన ప్రభుత్వ సహాయకేంద్రము.

తాగుట ఒక్కటే ప్రమాదము కాదు. కొట్టునప్పుడు లేచు తుంపరలు ముక్కునుండి రక్తము కారునట్లు చేయును. గోళ్ళు తెల్లబడి ఊడును. చీలిన చర్మమునుండి లోనికి పోవును. దీర్ఘకాలము దీనితో పనిచేసినవారిలో కంపవాతము, అనగా పార్కిన్సన్ వ్యాధి, ఎక్కువగా కనబడినట్లు విదేశములలో కొన్ని పరిశోధనలు తెలిపినవి. మన బొగ్గుగనుల ప్రాంతమున పగలు గని డ్యూటీ, సాయంకాలము సొంత పొలము చేయువారు అనేకులు. బొగ్గుదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులతో ముఖమునకు గుడ్డయైనను లేక తైవాన్ పంపు వీపున వేసికొని గాలికి ఎదురుగా నడుచుట ఎంత సాహసమో వారు ఆలోచించుకొనవలెను.

గునుగు లేని ఒడ్లు

ఆత్రేయ పునర్వసువు పాంచాలదేశపు కాంపిల్యనగర ప్రాంతమున, గ్రీష్మకాలాంతమున గంగాతీరవనములో తిరుగుచు, శిష్యుడగు అగ్నివేశునికి ఒక మాట చెప్పెను. వాయువు, జలము, దేశము, కాలము చెడుచున్న లక్షణములు కనబడుచున్నవి. భూమి రసహీనము కాకమునుపే ఓషధులను సేకరించుకొనుడు అనెను. చరకసంహిత విమానస్థానము మూడవ అధ్యాయమిది. గురుకులమున ఇది చదువునప్పుడు అంటురోగములను గూర్చియే అనుకొంటిని.

ఇప్పుడు భాద్రపదమున పెద్దపల్లి నుండి మంథని దారిలో పోవునప్పుడు చూచుచున్నాను. కాలువనీరు వచ్చిన తరువాత వరి పెరిగినది. ఒడ్లు మాత్రము అగ్గి పెట్టినట్లు ఎర్రగా మాడియున్నవి. బతుకమ్మకు గునుగుపూవు మా చిన్ననాట చేనినిండ ఉండెడిది. నేడు ఆడబిడ్డలు దానిని అంగడిలో కొనుచున్నారు. వినాయకచవితికి తుమ్మికూర వెదకవలసి వచ్చుచున్నది. పొనగంటి, పాయలకూర, చెంచలి ఇవన్నియు కలుపు తీయు స్త్రీలు కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చిన కూరలు. కలుపు తీయుట పోయినది, కూరయు పోయినది. ఆ కూలియు పోయినది.

రైతును నిందించుట నా ఉద్దేశము కాదు. గనులకు, కంపెనీలకు, పట్నములకు మనుషులు పోయినారు. నాటు వేయకుండ వడ్లు వెదజల్లు పద్ధతిలో కలుపు మరింత లేచును. పదిమంది కూలీలు దొరకని దినమున ఒక డబ్బా ఒక పూటలో పని ముగించును. ఆ లెక్క నాకు తెలియును. చేనంతయు చేతితో తీయలేనివారు ఒడ్లనైనను వదలివేయవచ్చును. ఒడ్డుమీది గడ్డి పంటకు పోటీ కాదు. కొడవలితో కోసిన పశువుకు మేత అగును. మడిలో వరుసగా నాటిన చోట కోనోవీడరు నడిపించవచ్చును.

మందాకు కోయువారికి

ఆ యేడాది కలుపుమందు కొట్టిన పొలములోను, దాని ఒడ్డునను, దాని నీరు పారు కాలువ వెంబడిని ఏ మూలికను సేకరింపవద్దు. ఇన్ని దినములు ఆగిన చాలునా అని అడుగవద్దు. మందును బట్టి, నేలను బట్టి, వానను బట్టి అది మారును. రైలుపట్టాల పక్కను, రోడ్ల అంచులను, క్వార్టర్ల నడుమనున్న ఖాళీ స్థలములను కూడ వదలివేయుడు. అక్కడ ఎవరు ఎప్పుడు ఏమి చల్లిరో తెలియదు. బొగ్గుదుమ్ము, బూడిద పడు చోట్లు మొదలే పనికిరావు. చిగురు పాలిపోయిన మొక్కను, ఒకే చోట అన్నిజాతులు ఒక్కసారిగా వాడిన నేలను గుర్తుపట్టుట నేర్చుకొనుడు. పొలము పరులదైనచో యజమానిని అడిగి తెలిసికొనుడు. కొట్టిన ఒడ్డు మీది గడ్డిని పాడిపశువునకు వేయరాదు. పంపును కుంటలో, కాలువలో కడుగరాదు. ఖాళీ డబ్బాను నీళ్ళకు, నూనెకు వాడరాదు. మందు కొట్టిన బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు.

ఉత్తమమైనది ఇంటనే పెంచుకొనుట. గుంటగలగరకు తడినేల కావలెను. జాలారు వద్ద, బోరు నీళ్ళు జారు చోట వేళ్ళతో నాటిన నెలలో అల్లుకొనును. అయితే సబ్బునీరు పారరాదు. పొనగంటి కాడను తుంచి గుచ్చిన చాలును. తుంగను మాత్రము పాత తొట్టిలో పెంచుడు. నేలలో వదిలినచో పెరడంతయు తానే అగును. నేలఉసిరికి నీడతో కూడిన తేమ ఇష్టము. విత్తు రాలిన చోటనే మరుసటి వానకు లేచును. గరిక, తుమ్మి, ఉత్తరేణి తమంత తామే వచ్చును, పీకకుండిన చాలును.

నా వద్దకు మూలిక తెచ్చువారిని నేనిప్పుడు ముందుగా మూడు ప్రశ్నలు అడుగుచున్నాను: ఏ ఊరి నేల, ఏ పంట పక్కది, ఆ పొలమునకు ఈ కారున ఏమి కొట్టిరి. మూడవదానికి జవాబు రానిచో మూటను తిరిగి ఇచ్చివేయుచున్నాను. ఆ మొదటి ఇల్లాలు మాత్రము ఇప్పుడు తన బోరు పక్కన పెంచిన గుంటగలగరనే తెచ్చుచున్నది.